నువ్వు వదిలేసిన ఆ రాత్రి గురించి

హనుమకొండ

తమ్మీ,

వ్యానులో లద్దాఖ్‌లోని లేహ్ దాకా పోయిన సంగతి మీద నువ్వు రాసిన వ్యాసం మొన్న పొద్దున చదివి, సాయంత్రం నీకు ఫోన్ చేశాను కదా. మాటల మధ్యలో నువ్వొక సంగతి చెప్పావు. అక్కడి చలి కోసం వ్యానుకు డీజిల్‌తో మండే హీటర్ బిగించిన రోజు స్విచ్ వేస్తే మూడు నిమిషాలు నడిచి ఆగిపోయిందని, మళ్లీ వేస్తే మళ్లీ ఆగిందని, రాత్రి పదిన్నర దాకా ఆటోనగర్ షెడ్డులోనే ఉన్నారని. ఫోన్ పెట్టేశాక వ్యాసం మళ్లీ తీశాను. అందులో ఆ రాత్రి లేదు. ‘హీటర్‌ను విజయవంతంగా అమర్చాము’ అని ఒక్క వాక్యం ఉంది. తర్వాతి పేరాకే నువ్వు లేహ్‌లో ఉన్నావు.

ఈ ఉత్తరం ఆ రాత్రి కోసమే రాస్తున్నాను.

పని రాదనుకుంటారని భయపడి దాచావేమో. రాసే కొత్తలో నేనూ అలాంటి పనే చేశాను. వ్యవసాయ బావి మీద ఆయిలింజను పంపుసెట్టు గురించి వ్యాసం రాస్తూ, ఇంజను తిప్పితే నీళ్లు వస్తాయని రాసేశాను. ముందు పంపులో నీళ్లు పోసి ఎయిర్ తీయాలన్న ముక్క వదిలేశాను. చిన్న విషయమనిపించింది, వాక్యానికి అడ్డమనిపించింది. పరకాల వైపు రైతు ఒకాయన కార్డు రాశాడు. కొత్తగా పంపు పెట్టుకున్నవాడు, నా వ్యాసం చదివి నీళ్లు లేని పంపును తిప్పాడు, సీలు కాలిపోయింది. తిట్టలేదు. ‘ఆ ముక్క కూడా రాస్తే బాగుండు సారూ’ అన్నాడు, అంతే. ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

నీ హీటర్‌కు పట్టింది కూడా అదే జబ్బు. కూలెంట్, అంటే ఇంజనును చల్లబరుస్తూ తిరిగే నీళ్లు, పోయే పైపులో గాలి ఇరుక్కుంది. చిన్న పంపు తిరుగుతోంది కానీ నీళ్లు కదలడం లేదు. మంట మాత్రం మండుతోంది. హీటర్ లోపలున్న కాసిని నీళ్లు నిమిషాల్లో మరిగేంత వేడెక్కాయి, సెన్సర్ చూసి మంట ఆపేసింది. అంటే హీటర్ చెడిపోలేదు, తనను తాను కాపాడుకుంది. మన దగ్గర బావి మోటారు చూసినవాడికి ఇది ఒక్కసారి చెబితే అర్థమవుతుంది. నీ పాఠకుల్లో సగం మంది అలాంటివాళ్లే, ఆ తెలివిని ఎందుకు వాడుకోవు?

ఆ రాత్రి నీ మేస్త్రీ ఏం చేశాడో ఫోన్‌లో ఎంత బాగా చెప్పావు! మీటరు తీయలేదు. బండి కిందికి దూరి, హీటర్ నుంచి బయటికొచ్చే హోస్ పైపు మీద ఒక చెయ్యి, బండిలో ముందునుంచీ ఉన్న క్యాబిన్ హీటర్ నుంచి ఇంజనుకు తిరిగిపోయే పైపు మీద ఇంకో చెయ్యి పెట్టాడు. ఒకటి చురుక్కుమంది, రెండోది చల్లగా ఉంది. ‘ఎయిర్ పట్టింది’ అన్నాడు. ఇంజను పూర్తిగా చల్లారేదాకా కూలెంట్ మూత ముట్టుకోనివ్వలేదు. తర్వాత బండి ముందు చక్రాలు ఎత్తించి, అన్నిటికంటే పైనున్న పైపు క్లిప్పు వదులు చేసి, కూలెంట్ సన్నగా పోస్తూ కూర్చున్నాడు. బుడగలు తగ్గి, ధార తెగకుండా వచ్చాక క్లిప్పు బిగించాడు. ఆ రెండు చేతులూ, ఆ బుడగలూ నాకు కళ్లకు కట్టాయి. ఇవి రాస్తే లేహ్‌లో మంచు గురించి నువ్వు రాసిన రెండు పేజీలు అక్కర్లేదు.

ఇక వరుస. నువ్వు సామాన్లు కొన్న వరుసలో రాశావు: హీటర్, పంపు, క్లిప్పులు, వైరింగు. చదువుతుంటే ఏది దేనికి తగులుతుందో తెలియలేదు. నీళ్ల దారి పట్టుకొని రాయి. ఇంజనులోంచి వేడినీళ్లు క్యాబిన్ హీటర్‌కు పోయే పైపు ఒకటుంటుంది. దాన్ని కోసి మధ్యలో దీన్ని పెట్టారు. ఇంజను నుంచి వచ్చిన నీళ్లు ముందు చిన్న పంపులోకి, అక్కడి నుంచి హీటర్‌లోకి, హీటర్‌లో కాగి క్యాబిన్‌లోకి, అక్కడ వేడి వదిలి మళ్లీ ఇంజనులోకి. పాఠకుడు నీళ్లతోపాటు నడిస్తే, పంపును హీటర్‌కు ముందే ఎందుకు పెట్టారో, హీటర్‌ను కూలెంట్ ట్యాంకు కంటే కిందే ఎందుకు బిగించారో అడగకుండానే తెలుస్తుంది. క్యాబిన్‌తోపాటు ఇంజను కూడా వెచ్చబడి పొద్దున తేలిగ్గా స్టార్ట్ అవుతుందన్న మాట కూడా అదే దారిలో దానంతటదే వస్తుంది.

మాటల దగ్గర నాకు నిజంగా బాధ కలిగింది. ‘సహాయక ఉష్ణకారిణి’, ‘శీతలీకరణ ద్రవం’ అని రాశావు. ఫోన్‌లో ఒక్కసారి కూడా అలా అనలేదు నువ్వు. హీటర్ అను, కూలెంట్ అను. ‘ఎయిర్ తీయడం’ అనే మాట షెడ్డులో పుట్టింది, అందులో పని మొత్తం ఉంది. దాన్ని తీసి పక్కన పెట్టి నిఘంటువు దగ్గరికి పోకు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. పొగ గొట్టం సంగతి నువ్వు చివర్లో, ఫోటోల కింద పెట్టావు. అది మొదట్లోనే రావాలి. డీజిల్ మండి వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. పొగ గొట్టం బండి బయటికి, కిటికీలకూ తలుపులకూ దూరంగా పోవాలి. మంటకు కావలసిన గాలి కూడా బయటి నుంచే రావాలి. పడుకునే చోట ఆ గ్యాసును పసిగట్టే అలారం ఉండాలి. నీ వ్యాసం చూసి ఎవరైనా సొంతంగా బిగించుకుంటే వాళ్ల పిల్లలు ఆ వ్యానులో పడుకుంటారు. మంట దాకా వచ్చే ముందే ఈ పేరా రాయి, అందంగా రాయాలని చూడకు. స్విచ్ ఆపాక ఫ్యాను, పంపు రెండు మూడు నిమిషాలు తిరిగి లోపలి వేడిని తీసేస్తాయి కాబట్టి అప్పుడు బ్యాటరీ కట్ చేయొద్దన్న మాట కూడా చేర్చు.

అంకెలు తక్కువ పెట్టు, పెట్టినవి పనికొచ్చేలా పెట్టు. 5 కిలోవాట్ల హీటర్ ఫుల్‌గా మండితే గంటకు సుమారు 0.6 లీటర్ల డీజిల్ తాగుతుంది. ఈ ఒక్కటి చాలు, రాత్రికి ఎంత ఖర్చో వాళ్లే లెక్కేసుకుంటారు. ఎత్తు గురించి ఇంకొంచెం రాయాలి. వరంగల్ సముద్రమట్టానికి సుమారు 270 మీటర్లు, లేహ్ సుమారు 3,500. అక్కడ గాలి ఒత్తిడి ఇక్కడి దాంట్లో మూడింట రెండు వంతులే. అదే డీజిల్‌కు గాలి చాలక మసి పడుతుంది. ‘లేహ్‌లో కొంచెం పొగ వచ్చింది’ అని నువ్వు రాసిన వాక్యానికి కారణం ఇదే, నువ్వది చెప్పలేదు. ‘డీజిల్ గడ్డకట్టింది’ అన్నచోట చలికి డీజిల్‌లోని మైనం గడ్డకట్టి ఫిల్టర్ మూసుకుపోతుందని రాయి. లద్దాఖ్ కోసం మైనస్ 33 డిగ్రీల దాకా పారే చలికాలపు డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ 2019లో తెచ్చింది, ఆ మాట అక్కడ అతుకుతుంది. కరీంనగర్, జగిత్యాల మీదుగా ఆర్మూర్‌లో 44వ నంబర్ రోడ్డు ఎక్కిన వర్ణన మొత్తం తీసెయ్.

మొదలు ఎక్కడ పెట్టాలని అడిగావు. మే నెలలో పెట్టు. బయట ఎండ 42 దాటిన రోజు, షెడ్డు రేకులు కాలుతుంటే, చెమటలు కారుతున్న నలుగురు మనుషులు ఒక హీటర్ వెలిగించాలని చూస్తున్నారు. పక్క షెడ్డు పిల్లలు వచ్చి ‘ఈ ఎండల హీటర్ ఎందుకన్నా’ అని అడిగారన్నావు కదా. మన ఊరి పాఠకుడు అడిగేదీ అదే. అక్కడ జవాబు చెప్పడం మొదలుపెడితే అతను నీ వెంట లద్దాఖ్ దాకా వస్తాడు.

రెండో ప్రతి రాశాక నాకంటే ముందు మేస్త్రీకి చదివి వినిపించు. ఆయన ఎక్కడ ఆపి ‘అట్ల కాదు’ అంటాడో అక్కడ గీత పెట్టుకో. ఆ గీతలున్న కాగితాలే తీసుకురా, సాఫీ ప్రతి వద్దు. ఆదివారం సాయంత్రం ఇంట్లోనే ఉంటాను. అన్నట్టు, ఆ రాత్రి పైపులోంచి మొదట వచ్చింది నీళ్లా, నురగా? ఫోన్‌లో అడగడం మరిచిపోయాను.

ఆశీస్సులతో,
మీ సార్