జనాభా లెక్కల్లో ముత్తాత దొరకడు

అమ్మాయీ,

నువ్వు రాస్తున్న కుటుంబ చరిత్రలో మొదటి అధ్యాయం చదివాను. ఒడిశాలోని పర్లాకిమిడి వీధులు బాగా వచ్చాయి, వాటి జోలికి పోను. పేచీ అంతా వంశవృక్షం దగ్గరే. "1881 జనాభా లెక్కల్లోంచి ముత్తాత పేరు సంపాదించాలి" అని అంచున రాసుకున్నావు. ఆ పేరు అక్కడ దొరకదు. మన దేశంలో ఇంటింటా తిరిగి రాసిన కాగితాలను పట్టికలు తయారయ్యాక భద్రపరచలేదు. మిగిలినవి మొత్తాలే: ఊళ్లో ఎన్ని ఇళ్లు, ఎందరు మనుషులు, ఏ మతం, ఏ భాష. ఈ కాలపు కాగితాలైనా 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఎవరికీ చూపించరు. ఇంగ్లండులో నూరేళ్లు దాటిన లెక్కల్లో పేరు పెట్టి వెతుక్కునే వీలుంది. అక్కడివాళ్లు రాసిన పద్ధతిని ఇక్కడ పట్టుకుంటే కాలం, డబ్బు రెండూ పోతాయి.

అచ్చయిన సంపుటాలను మాత్రం వదలకు. ఊరి నేపథ్యం రాయడానికి అవే ఆధారం. దేశమంతటా అన్ని కులాల పట్టికా అచ్చయిన చివరి లెక్క 1931ది. పర్లాకిమిడి అప్పుడున్న గంజాం జిల్లా భాషల అంకెలను మాత్రం ఆచితూచి వాడు. ఒడిశా సరిహద్దు గీయబోతున్న రోజుల్లో ఎవరు తెలుగువారు, ఎవరు ఒడియావారు అన్నది పెద్ద తగువు. వయసుల పట్టికలో జనమంతా ముప్పై, నలభై దగ్గర పోగుపడి కనిపిస్తారు. పుట్టిన ఏడు తెలియనివాళ్లు గుండు సంఖ్య చెప్పేవారు.

అసలు ఏ రిజిస్టరు తెరిచినా ముందు అడగవలసింది ఇదే: రాసినవాడికి ఏం కావాలి? కరణానికి శిస్తు కావాలి కాబట్టి విస్తీర్ణం సెంట్లతో సహా రాస్తాడు, రైతు వయసు అతనికి అక్కర్లేదు. ఫాదరుకు పెళ్లి చెల్లుతుందో లేదో తేలాలి కాబట్టి చుట్టరికం తరచి తరచి అడుగుతాడు, పొలం సంగతి పట్టించుకోడు. అవసరమైన గడిలో ఉన్నదాన్ని నమ్ము. తక్కినదాన్ని ఇంకో కాగితంతో సరిచూసుకో.

మీ నాయనమ్మ వైపు క్రైస్తవులు కావడం నీకు కలిసొచ్చింది. అయితే "చర్చి రికార్డు" అని ఒకే ముద్దగా రాశావు. ఏ సంఘమో తేలకుండా ముందుకు పోలేవు. పర్లాకిమిడి, టెక్కలి ప్రాంతంలో పనిచేసింది కెనడియన్ బాప్టిస్టులు. వాళ్లు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. కాబట్టి బాప్తిస్మం తేదీ నుంచి పుట్టిన తేదీ లాగకు. ఆ మనిషికి అప్పుడు పదిహేనేళ్లూ ఉండొచ్చు, యాభైయ్యీ ఉండొచ్చు. అక్కడ చూడవలసింది సంఘ సభ్యుల జాబితా. ఎవరు బాప్తిస్మంతో చేరారు, ఎవరు వేరే సంఘం నుంచి ఉత్తరం తెచ్చుకుని చేరారు, ఎవరిని తొలగించారు అన్నది అందులో తెలుస్తుంది. ఉత్తరం మీద వచ్చినవాళ్లయితే పాత సంఘం పేరు దొరికినట్టే, తర్వాతి ప్రయాణం అక్కడికి.

జయపురం, కొరాపుట్ వైపు 1882 నుంచీ ఉన్నది జర్మనీలోని బ్రెక్లుమ్ నుంచి వచ్చిన లూథరన్లు. వీళ్లు పసిపిల్లలకూ బాప్తిస్మం ఇస్తారు, పెద్దయ్యాక కన్ఫర్మేషన్ చేస్తారు, అంటే తమ విశ్వాసాన్ని తామే ఒప్పుకునే ఆచారం. ఒకే మనిషిని రెండుచోట్ల పట్టుకోవచ్చు. పాత పుటల్లో జర్మన్ చేతిరాత ఎదురైతే ఊహించి చదవకు. ఫోటో తీసుకుని, ఆ లిపి వచ్చినవాళ్లకు చూపించు.

కథోలిక విచారణల్లో, అంటే ఒక్కో ఫాదరు కింద ఉండే సంఘాల్లో, జ్ఞానస్నానాల (బాప్తిస్మాల) పాత పుస్తకం లాటిన్‌లో ఉంటుంది. తండ్రి పేరు షష్ఠీ విభక్తిలో రాస్తారు. పుటలో "యోసేఫీ" అని ఉంటే తండ్రి పేరు యోసేఫుస్, మన జోజి. జ్ఞానస్నానానికి పూచీగా నిలిచే జ్ఞాన తల్లిదండ్రుల్ని చుట్టాలనుకుని చెట్టులో కలిపేయకు. కొత్తగా మతంలో చేరిన ఊళ్లో మతబోధ చేసే ఉపదేశే డజన్ల మంది పిల్లలకు జ్ఞానతండ్రిగా కనిపిస్తాడు. వయోజనుల జ్ఞానస్నానమైతే వయసు అంచనా మాత్రమే. పుట అంచుల్ని వదలకు. 1908 తర్వాత పెళ్లి వివరాన్ని జ్ఞానస్నానం నమోదు పక్కనే ఎక్కించాలన్న నియమం వచ్చింది. ఆడపిల్ల ఏ ఊరికి కోడలిగా వెళ్లిందో ఆ అంచులోనే తేలుతుంది.

మన ఇళ్లలో మేనరికాలు ఎక్కువ కాబట్టి వివాహాల పుస్తకం మరీ విలువైనది. దగ్గర చుట్టరికం ఉంటే చర్చి నుంచి మినహాయింపు తీసుకోవాలి, దాంతో పాటు చుట్టరికం ఎంత దగ్గరో చెప్పే డిగ్రీ రాస్తారు. లెక్క తప్పేది ఇక్కడే. 1983 నవంబరులో కొత్త చర్చి చట్టం అమల్లోకి వచ్చేదాకా ఉమ్మడి మూలపురుషుడి నుంచి ఒక వైపు తరాలను మాత్రమే లెక్కపెట్టేవారు. మేనమామ కూతుర్ని చేసుకుంటే "రెండో డిగ్రీ" అన్నమాట, అంటే తాత ఒకడే. "మూడో డిగ్రీ" అని ఉంటే ముత్తాత ఒకడే. కొత్త లెక్కలో రెండు వైపులా కలుపుతారు, అదే మేనరికం "నాలుగో డిగ్రీ" అవుతుంది. మేనకోడల్ని చేసుకుంటే ఇప్పుడు "మూడో డిగ్రీ". 1960 నాటి పుటను ఇవాళ్టి లెక్కతో చదివితే ఒక తరమంతా తారుమారవుతుంది.

లండన్‌లో ఉన్న మద్రాసు చర్చి నకళ్ల కోసం ఆన్‌లైన్‌లో చందా కట్టబోతున్నానన్నావు. కట్టకు. అందులో ఉండేది ఎక్కువగా దొరలు, ఆంగ్లో ఇండియన్లు. మన పల్లె సంఘం పుస్తకం అక్కడికి చేరి ఉంటుందని ఆశ పెట్టుకోకు.

తాతగారి వైపు హిందువులు కాబట్టి అక్కడ భూమి కాగితమే దారి. ఇవాళ్టి నుంచి వెనక్కి నడు. ఒడిశా ప్రభుత్వ భూమి రికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో ఊరు, ఖాతా పెట్టి చూస్తే ఒడియా పత్రం వస్తుంది. "పి:" తండ్రి, "స్వా:" భర్త, "జా:" కులం, "బా:" నివాసం. హాల్ ఖాతా ఇప్పటిది, సాబిక్ అంతకు ముందరిది. హాల్ ప్లాటుకు సరిపడే సాబిక్ ప్లాటు నంబరు సంపాదిస్తేనే ఒక మెట్టు వెనక్కి దిగగలవు. ఒడియా లిపిలో ఎ, ఏ తేడా లేదు, ఒ, ఓ తేడా లేదు. వెంకటరావు బెంకట రావు అవుతాడు, ఇంటిపేరు చివరకు పోతుంది, ఒక్కోసారి ఎగిరే పోతుంది. అందుకే నంబరుతో వెతుకు, పేరుతో సరిచూడు.

సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఒకటో పుస్తకం స్థిరాస్తి దస్తావేజులది, రుసుము కడితే ఎవరైనా చూడొచ్చు. మూడోది వీలునామాలూ దత్తత అధికార పత్రాలూ, రాసినవాళ్లు పోయాక అడిగినవాళ్లకు నకలిస్తారు. తక్కిన దస్తావేజులుండే నాలుగో పుస్తకం నకలు రాసినవాళ్లకూ హక్కుదారులకూ వాళ్ల ప్రతినిధులకూ మాత్రమే. విక్రయ పత్రం దొరికితే ముందు హద్దులు చదువు. పంచుకున్న పొలానికి తూర్పునా పడమరా ఉండేది తరచుగా అన్నదమ్ములే. సాక్షుల వరుస, దస్తూరి వరుస కూడా ఎత్తి రాసుకో.

1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు నుంచి విడిపోయింది. పర్లాకిమిడి పట్నం ఒడిశాకు వచ్చింది, జమీందారీలో చాలా ఊళ్లు మద్రాసు వైపే ఉండిపోయాయి. అందుకే పాతపట్నం వైపు ఊరయితే శ్రీకాకుళం జిల్లాలో అడగాలి, ఇటువైపుదయితే ఛత్రపురంలోనో పర్లాకిమిడిలోనో అడగాలి, పై స్థాయి మద్రాసు దస్త్రాలకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. పర్లాకిమిడి ఇప్పుడున్న గజపతి జిల్లా ఏర్పడిందే 1992లో. పాత దస్త్రంలో ఆ పేరుతో అడిగితే గుమస్తా లేదనే అంటాడు, అబద్ధం కాదు కూడా.

జనన మరణాల మద్రాసు చట్టం 1899ది. పల్లెలన్నిటా ఒకేసారి అమలు కాలేదు. బిడ్డ పేరు గడి ఖాళీగా ఉండి "ఫలానావారి మగశిశువు" అని ఉండడం మామూలే. మనవడికి తాత పేరు పెట్టే ఇళ్లలో ఒకే పేరు తరం విడిచి తరం వస్తుంది. తండ్రి పేరు, ఊరు, పొలం నంబరు మూడూ కలవకుండా ఇద్దర్ని ఒక్కరిని చేయకు. ఒక్కసారిగా ఇంటిపేరు మారితే దత్తతేమో చూడు.

పుస్తకం చూసేటప్పుడు పెన్సిలే వాడు. ఫ్లాష్ వద్దు. అట్ట, మొదటి పుట, కావలసిన పుట, దాని ముందూ వెనుకా పుటలు ఫోటో తీయి. ప్రతి నమోదుకూ పుస్తకం పేరు, ఎక్కడుంది, పుట, వరుస రాసుకో. ఉన్నది ఉన్నట్టు ఒక వరుసలో, నీ అర్థం కింద వరుసలో. రెండూ కలిపేస్తే నెల తర్వాత ఏది కాగితం మాటో, ఏది నీ మాటో నీకే తెలియదు. బతికున్నవాళ్ల వివరాలు వాళ్లనడగకుండా అచ్చుకు ఇవ్వకు.

తేదీల సంగతి. శిస్తు లెక్కల్లో వాడే ఫసలీ ఏడుకు 590 కలుపు, ఏడు జులైలో మొదలవుతుంది: ఫసలీ 1345 అంటే 1935 జులై నుంచి 1936 జూన్ దాకా. ప్రభవ 1867లోనూ వచ్చింది, 1927లోనూ వచ్చింది. వట్టి సంవత్సరం పేరుతో అరవై ఏళ్లు అటూఇటూ అయ్యే ప్రమాదముంది. ఇక నీ అధ్యాయంలో పెళ్లి ఏడు లెక్కగడుతూ, కాగితంలోని "12వ అంక"ను రాజు ఏలుబడిలో పన్నెండో ఏడుగా తీసుకున్నావు. అంక అంటే ఒడిశా రాజుల ఏలుబడి ఏళ్ల లెక్క. అంక లెక్క రెండుతో మొదలవుతుంది, ఆరును వదిలేస్తుంది, పదిని ఉంచుతుంది. అంటే 12వ అంక పదో ఏడే. ఆ పైన ఆరుతోనూ సున్నతోనూ ముగిసేవన్నీ పోతాయి. ఏడు మారేది భాద్రపద శుద్ధ ద్వాదశి నాడు కాబట్టి ఒక్కో అంక రెండు ఇంగ్లీషు సంవత్సరాల మీద పడుతుంది. కాగితం మీద రాజు పేరుందేమో మళ్లీ చూడు. పెళ్లి ఏడు రెండేళ్లు వెనక్కి జరిగితే దాని ఆధారంగా లెక్కగట్టిన పెద్దకొడుకు పుట్టుక కూడా జరుగుతుంది. ఆ రెండూ సరిచేశాకే రెండో అధ్యాయం పంపు.

ఆశీస్సులతో.