చుక్కా, బాణం: చిన్నమ్మడికి ఉత్తరం

పర్లాకిమిడి

చిన్నమ్మడూ,

గుణుపూర్‌లో హాస్టల్ తిండి అలవాటైందని మీ అమ్మ చెప్పింది, సంతోషం. సీ భాషలో స్ట్రక్చర్లకి, అంటే కొన్ని విలువల్ని ఒకే పేరు కింద కట్టిన మూటలకి, చుక్క ఎప్పుడు, బాణం ఎప్పుడు అని అడిగావు కదా.

నువ్వెక్కే రైలు లైనే తీసుకో. స్ట్రక్ట్ స్టేషన్ అని రాసి, లోపల పేరుకి 30 అక్షరాల చార్ అర్రే (అక్షరాల వరస), దూరానికి ఒక ఇంట్ (పూర్ణాంకం) పెట్టు. ముగించే ఫ్లవర్ బ్రాకెట్ పక్కన సెమికోలన్ మరవకు. టెక్కలి అనే వేరియబులే నీ దగ్గరుంటే టెక్కలి.దూరం. మెమరీలో దాని అడ్రస్ పి అనే పాయింటర్‌లో (అడ్రస్ దాచుకునే వేరియబుల్‌లో) ఉంటే పి->దూరం. (*పి).దూరం అన్నా అదే, నక్షత్రం అంటే ఆ అడ్రస్‌లో ఉన్నది అని. బ్రాకెట్లు తీసేస్తే నక్షత్రం కంటే ముందు చుక్క పనిచేస్తుంది, పాయింటర్‌కి చుక్క చెల్లదు.

దీనికింత బెంగ అక్కర్లేదమ్మా. ఈ తప్పు ప్రోగ్రాంని మెషీన్ భాషలోకి మార్చే కంపైలరే పట్టేస్తుంది, జీసీసీ అనే కంపైలర్ అయితే బాణం పెట్టాలేమో చూడమని కూడా అంటుంది. అది నోరెత్తని తప్పు వేరే ఉంది. స్ట్రక్చర్‌ని అలాగే ఫంక్షన్‌కి పంపితే వెళ్లేది కాపీ. రేషన్ కార్డు జెరాక్సు మీద పేరు దిద్దితే అసలు కార్డులో మారుతుందా? ఫంక్షన్‌లో దూరం మారుస్తావు, ఎర్రర్ రాదు, బయటికొచ్చి చూస్తే పాత అంకే ఉంటుంది. మార్చాలంటే దాని అడ్రస్, అంటే &టెక్కలి పంపు, లోపల బాణం వాడు. మార్చనక్కర్లేని పెద్ద స్ట్రక్చర్‌కైనా అడ్రసే పంపి, ముందు కాన్స్ట్ (మార్చకూడదని చెప్పే మాట) పెట్టు.

కాపీలోనే ఇంకో మెలిక. పేరు అర్రే అయితే అక్షరాలతో సహా కాపీ అవుతుంది. చార్ పాయింటర్ అయితే అడ్రసొక్కటే వెళ్తుంది, రెండు స్టేషన్లూ ఒకే పేరుని పట్టుకు వేలాడతాయి. అందుకే ఇప్పటికి అర్రేయే నయం. కాకపోతే ఒకసారి డిక్లేర్ చేశాక దానికి = తో పేరు ఇవ్వలేవు, స్ట్రింగ్ కాపీ ఫంక్షన్ వాడాలి.

స్ట్రక్చర్ సైజు లోపలివాటి మొత్తం కంటే ఎక్కువ వస్తే కంగారుపడకు. మామూలు మెషీన్లలో చార్, ఇంట్, చార్ వరసకి 12 బైట్లు, ఇంట్ ముందు పెడితే 8. కంపైలర్ ఖాళీలు వదులుతుంది, అంతే.

ఇదంతా పరీక్ష కోసం పెట్టిన చాదస్తం అనుకోకు. 1972లో కెన్ థాంప్సన్ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ని సీలో రాయబోయి వదిలేశాడు, అప్పటికి స్ట్రక్చర్లు లేవు. అవి వచ్చాక 1973లో కెర్నల్ (యూనిక్స్ గుండెకాయ లాంటి భాగం) సీలోకి మారింది.

ఆదివారం నౌపడా, టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ ఒక అర్రేలో వేసి, దూరం మార్చే ఫంక్షన్ రెండు రకాలుగానూ రాయి, కాపీ పంపి ఒకటి, అడ్రస్ పంపి ఒకటి. రెండింటి అవుట్‌పుట్టూ ఫోన్‌లో పంపు.

మీ పెదనాన్న