అల్లుడి ఆచూకీకి అర్జీ పెట్టేముందు

చి.సౌ. లావణ్యకు పెద్దనాన్న ఆశీస్సులు.

మూడు నెలలుగా సౌదీ నుంచి అల్లుడి ఫోన్ లేదని మీ అత్తమ్మ చెప్పింది. ఏజెంటు 'రేపు మాపు' అంటున్నాడట. వాడి మాట మీద ఇంకో వారం పోనివ్వకు బిడ్డా, అర్జీ పడాల్సిందే.

ముందు నంబర్లు వెతుకు. పాస్‌పోర్టు జిరాక్సు, వీసా కాగితం, డబ్బు పంపిన రసీదులు, వాట్సాప్‌లో పంపిన టికెట్టు, ఏవీ వదలకు. సౌదీ అకామా, అంటే అక్కడ ఉండడానికి ఇచ్చే పర్మిట్, దాని నంబరు 2తో మొదలయ్యే 10 అంకెలు. వీసా కాగితం మీద కఫీల్ పేరు, అంటే వీసా ఇచ్చి పిలిపించుకున్న యజమాని పేరు కూడా ఉంటుంది. పేరు కన్నా నంబరు ఎందుకు ముఖ్యమంటే, అరబ్బీలో 'ప' లేదు. మన పోశయ్య అక్కడి రికార్డులో బోశయ్య అవుతాడు. మనం ముందు రాసుకునే ఇంటిపేరు కొందరికి పాస్‌పోర్టులో చివరికి పోతుంది. పేరుతో వెతికితే దొరకని మనిషి నంబరుతో దొరుకుతాడు.

ఇక అర్జీ. విదేశాంగ శాఖవాళ్ల 'మదద్' పోర్టల్ 2015 నుంచి నడుస్తోంది. నీ మొబైల్, ఈమెయిల్‌తో నువ్వే రిజిస్టర్ చేసుకో. మీసేవ పిల్లాడి నంబరు ఇస్తే జవాబులన్నీ అతడికే పోతాయి. సౌదీలో మనకు రెండు ఆఫీసులు. మక్కా, మదీనా, తబూక్, జీజాన్ వైపు జెద్దా కాన్సులేట్ చూస్తుంది. అల్లుడు చివరిసారి మాట్లాడింది దమ్మాం నుంచి కదా, అది రియాద్ ఎంబసీ కిందికి వస్తుంది. తప్పు ఆఫీసుకు పెడితే అర్జీ అటూ ఇటూ తిరగడంతోనే రోజులు పోతాయి.

'నా భర్త కనబడుట లేదు, దయచేసి వెతకగలరు' అని ఊరుకుంటే వాళ్లకు పట్టుకోవడానికి కొస దొరకదు. ఏ తేదీన, ఏ నంబరు నుంచి చివరి ఫోన్, ఎప్పటినుంచి వాట్సాప్‌లో ఒక్క టిక్కే పడుతోంది, అతడి రూంమేట్ నంబరు, క్యాంపు ఏ పేటలో, ఇవన్నీ రాయి. ఆజాద్ వీసా అయితే కాగితం మీది కఫీల్ వేరు, పని చేసే చోటు వేరు, రెండూ రాయి. విజిట్ వీసా మీద పోయి ఉంటే దాచకు. దాస్తే అకామా రికార్డుల్లో వెతికి 'లేడు' అంటారు. కఫీల్ 'హురూబ్' పెట్టాడేమో, అంటే పని వదిలి పారిపోయాడని ఫిర్యాదు చేశాడేమో కనుక్కోమని కూడా అడుగు. అలాంటివాళ్లు పట్టుబడితే ఫోన్ చేతిలో ఉండదు.

జైల్లో ఉంటే ఎంబసీకి తెలిసే ఉంటుందని అనుకోకు. 1963 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం, పట్టుబడిన మనిషి అడిగితేనే అక్కడి అధికారులు మన ఎంబసీకి చెప్పాలి. భయపడి అడగనివాళ్లు ఉంటారు. అందుకే జైళ్లు, తర్హీల్ క్యాంపులు (దేశం నుంచి పంపించేవాళ్లను ఉంచే చోట్లు), ఆసుపత్రులు, మూడూ విచారించమని అర్జీలోనే రాయి.

అర్జీ నంబరు వచ్చాక అదే నంబరు మీద గుర్తుచేస్తూ ఉండు. కోపంతో కొత్తది పెడితే ఫైళ్లు రెండై, ఒకరి మీద ఒకరు వదిలేస్తారు. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 1800 11 3090. సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో కూడా కాపీ ఇచ్చి రసీదు తీసుకో. రియాద్‌కు ఫోన్ చేస్తే గుర్తుంచుకో: అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక, శుక్ర శనివారాలు సెలవు.

'జైల్లో ఉన్నాడు, జరిమానా కడితే వదులుతారు' అని ఎవరైనా ఫోన్ చేస్తే ఒక్క రూపాయి పంపకు. కేసు నంబరు, జైలు పేరు అడిగి అర్జీలో చేర్చు.

ఇంకొక మాట చెప్పక తప్పదు. మనిషి దొరికి, 'నా అడ్రసు ఇంటికి చెప్పొద్దు' అంటే ఎంబసీ చెప్పకపోవచ్చు. అప్పుడు కూడా క్షేమంగా ఉన్నాడో లేదో రాతపూర్వకంగా అడుగు. నీ నంబరు అతడికి చేర్చమని అడుగు.

దొరికిన కాగితాలన్నీ ఫొటో తీసి ఇవాళే పంపు. మడత మీది అంకెలు సరిగా కనబడకపోతే కాగితం చదునుగా పరిచి, వెలుతురులో పెట్టి మళ్లీ తియ్యి.

మీ పెద్దనాన్న