ఆఫీసు ఎక్కడ పెట్టాలని అడిగావుగా

చిరంజీవి బుజ్జికి, మామయ్య ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి కంపెనీ పెడతాను, ఆఫీసు విశాఖలోనా, హైదరాబాద్‌లోనా, బెంగళూరులోనా అని నువ్వు రాసిన మెయిల్ రెండుసార్లు చదివి, మీ అత్తయ్యకీ వినిపించాను. "బంగారంలాంటి ఉద్యోగం మానేస్తుందా?" అని ఆవిడ టెన్షన్ ఆవిడది. నాకు మాత్రం నవ్వొచ్చింది. డాక్టరు, పేషెంటు మాట్లాడుకున్నది విని కేస్ షీట్ దానంతటదే రాసే ఏఐ చేస్తానంటున్నావు. 2000లో నేను చేసిందీ అదే పని. అప్పుడు ఏఐ లేదు, అంతే. చెవులకు హెడ్‌ఫోన్లు, కాలి కింద పెడల్, అమెరికా డాక్టర్ల గొంతు. పెడల్ నొక్కితే మాట నడిచేది, వదిలితే ఆగేది. రాత్రంతా నలభై మంది పిల్లలు అలా నొక్కుతూ, వదులుతూ టైపు చేసేవాళ్లు. మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అనేవాళ్లు దాన్ని.

ముందు విశాఖ సంగతి తేల్చేద్దాం. మీ పార్ట్‌నర్లలో ఒకబ్బాయి గూగుల్ వస్తోంది కాబట్టి అక్కడే పెడదామంటున్నాడని రాశావు. 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది చిన్న మొత్తం కాదు. అదానీ, ఎయిర్‌టెల్‌లతో కలిసి, అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్లు. కానీ అందులో పెద్ద ముక్క డేటా సెంటర్. దానికి కావలసింది భూమి, కరెంటు, నీళ్లు, సముద్రంలోంచి వచ్చే కేబుళ్లు. అవి విశాఖలో దొరుకుతాయి కనుక వస్తోంది. నీకు కావలసిన జీపీయూలు, అదే ఏఐని నడిపే చిప్పులు, మీ బెంగళూరు గదిలో కూర్చుని కూడా అద్దెకు తీసుకోవచ్చు. బియ్యం గోడౌను పక్కన ఇల్లు కట్టుకుంటే అన్నం తొందరగా ఉడకదు కదా. రేపు అక్కడా అనుభవమున్న మనుషులు చేరతారు, చేరాలి కూడా. నీకు మనుషులు కావలసింది మాత్రం వచ్చే మార్చికి.

ఇక హైదరాబాద్. అందరూ ఇక్కడికే ఎందుకొస్తున్నారని అడిగావు. మామూలుగా చెప్పే జవాబు 1998. ఆ ఒక్క ఏడాదిలోనే మైక్రోసాఫ్ట్ డెవలప్‌మెంట్ సెంటర్ మొదలైంది, గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ తెరిచారు, నవంబరులో వాజ్‌పేయి గారొచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఆ తర్వాత 2004లో గూగుల్, 2019లో అమెజాన్ వాళ్ల పెద్ద క్యాంపస్. ఇదంతా నిజమే. ఆ రోజుల్లో మాదాపూర్ అంటే ఆటోవాళ్లు మొహం తిప్పుకునేవాళ్లు. దారంతా బండరాళ్లే.

కానీ నేను చూసిన కథ వేరు. ఈ ఊళ్లోకి వచ్చిన ప్రతి పనీ పోతూపోతూ నేర్చిన మనుషుల్ని వదిలి వెళ్లింది. తర్వాత వచ్చిన కంపెనీ వాళ్లని వెతుక్కుంటూ వచ్చింది. 1967లో ఈసీఐఎల్ పెట్టారు, కంప్యూటర్లు తయారుచేసిన ప్రభుత్వ సంస్థ అది. బాలానగర్‌లో ఐడీపీఎల్ పెట్టారు, మందులు తయారుచేసిన ప్రభుత్వ సంస్థ. అందులో పనిచేసి బయటికొచ్చిన అంజిరెడ్డి గారే 1984లో డాక్టర్ రెడ్డీస్ మొదలుపెట్టారు. ఐడీపీఎల్ మూతపడింది కానీ మందులు చేయడం తెలిసిన మనుషులు ఎక్కడికీ పోలేదు. ఇవాళ మందుల కంపెనీలకు ఏఐ అమ్మేవాళ్లు ఇక్కడ దిగుతున్నారంటే వాళ్లను చూసే.

నా దగ్గర పెడల్ నొక్కిన పిల్లల్నే తీసుకో. ట్రాన్స్‌క్రిప్షన్ పడిపోయాక చాలామంది మెడికల్ కోడింగ్‌లోకి, అంటే బిల్లుల కోసం జబ్బులకీ వైద్యానికీ కోడ్ నంబర్లు వేసే పనిలోకి వెళ్లారు. అక్కణ్ణుంచి కొందరు ఇన్సూరెన్స్ క్లెయిములకి, ఇంకొందరు డేటా లేబులింగ్‌కి. ఒకమ్మాయి ఇప్పటికీ దసరాకి ఫోన్ చేస్తుంది. ఇప్పుడు స్కాన్ల మీద గీతలు గీసి కంప్యూటర్‌కి నేర్పే టీముకి లీడ్. జబ్బుల పేర్లు తప్పు లేకుండా వినగలదు, ఏ పదం దగ్గర మెషీన్ తడబడుతుందో చెప్పగలదు. ఇలాంటి మనిషి ఇంకే ఊళ్లోనైనా దొరకచ్చు. ఒకళ్లు మానేస్తే వారంలో ఇంకొకళ్లు దొరికే ఊళ్లు మాత్రం తక్కువ. కంపెనీలు చూసేది అదే. ఉద్యోగం మారినా ఇల్లు మారక్కర్లేదు, పిల్లల బడి మారక్కర్లేదు అన్న ధైర్యం ఉన్న ఊరికి మనుషులూ నిశ్చింతగా వస్తారు.

అమీర్‌పేట మైత్రీవనం దగ్గర ఒక్కసారి నిలబడు. మేమున్నప్పుడు జావా కోచింగ్ బోర్డులు, తర్వాత శాప్, ఇప్పుడు అవే మెట్ల దగ్గర జెనరేటివ్ ఏఐ ఫ్లెక్సీలు. చదువుకున్నవాళ్లు దీన్ని చూసి నవ్వుతారు. నేను నవ్వను. అక్కడ నేర్చుకున్నవాళ్లతో నువ్వు మోడల్ తయారుచేయలేవు, నిజమే. దాన్ని ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌కి తగిలించి, రాత్రి పదింటికి ఫోనెత్తేవాళ్లు నీకు వాళ్లలోనే దొరుకుతారు. మోడల్ పనికి ట్రిపుల్ ఐటీ తలుపు తట్టు. భాషల మీద ఏళ్లుగా పరిశోధన చేస్తున్న కేంద్రం అక్కడుంది. కంప్యూటర్ చేత మాట వినిపించడానికే జీవితమంతా పెట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు ఆ సంస్థకు ఎన్నో ఏళ్లు పెద్ద దిక్కుగా ఉన్నారు. ఐఐటీ హైదరాబాద్‌లో 2019 నుంచే ఏఐలో బీటెక్ ఉంది. ఆ పిల్లల జీతాలు నువ్వు ఇవ్వలేవు కానీ ఇంటర్న్‌షిప్‌కి అడగడంలో తప్పులేదు.

అన్నిటికంటే నీకు కావలసింది ఓపీ క్యూ. మొన్న మీ అత్తయ్య మోకాలి నొప్పికి నిమ్స్‌కి వెళ్లి రెండు గంటలు కూర్చున్నాం. ముందాయన "మొన్నటి సంది కడుపుల మంట సార్" అన్నాడు. వెనక భీమవరం ఆవిడ "ఒకటే వికారంగా ఉందండీ" అంది. ఆ పక్కన పాతబస్తీ పెద్దాయనది ఉర్దూ. డాక్టరు ముగ్గురికీ వాళ్ల భాషలోనే జవాబిచ్చి, ఇంగ్లిష్‌లో రాసుకున్నాడు. నీ మెషీన్ నేర్చుకోవాల్సింది ఇదే కదా? ఇది ఏ జీపీయూలోనూ దొరకదు. అయితే జాగ్రత్త, పేషెంటు అనుమతి కాగితం లేకుండా ఒక్క మాట కూడా రికార్డు చేయకు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక ఆసుపత్రులవాళ్లు ముందు అడిగేది అదే.

ఇప్పుడు నేను చేసిన తప్పు. 2001లో మాదాపూర్‌లో అద్దాల బిల్డింగులో ఒక ఫ్లోరు తీసుకున్నాను. అమెరికా క్లయింట్ వస్తే గొప్పగా ఉంటుందని. మూడేళ్ల లాక్-ఇన్, అంటే మధ్యలో ఖాళీ చేసినా అద్దె కట్టాల్సిందే. ఆర్నెల్లకి ఎదురుగా ఒక పెద్ద కంపెనీ దిగింది. ఒకరోజు పొద్దున్నే కింద బండి దగ్గర చాయ్ తాగుతున్నాను. మా షిఫ్ట్ లీడర్ ఎదురుపడ్డాడు. మెళ్లో నీలం ట్యాగ్. మా ట్యాగ్ ఎరుపు. నన్ను చూసి దాన్ని చొక్కా లోపలికి తోసుకుని "సార్, చాయ్ తాగారా?" అన్నాడు. చేతిలో గ్లాసు కనిపిస్తూనే ఉంది. ఆ నెలలో పదకొండుమంది వెళ్లిపోయారు. వాళ్లను తప్పు పట్టను, జీతం రెట్టింపు. ఖాళీ కుర్చీలకు ఇంకో రెండేళ్లు అద్దె కట్టాను. మీ అమ్మ గాజులు ఎక్కడికి వెళ్లాయో ఇప్పటికి తెలిసుంటుంది నీకు.

మనుషుల్ని తెచ్చే ఊరే మనుషుల్ని తీసుకుపోతుంది కూడా. అందుకని రాయదుర్గం, గచ్చిబౌలి వైపు వెళ్లకు. అమీర్‌పేట, పంజగుట్ట మధ్య పాత బిల్డింగు చూడు. అమీర్‌పేటలో రెండు మెట్రో లైన్లు కలుస్తాయి, మియాపూర్ నుంచీ ఎల్బీనగర్ నుంచీ నాగోలు నుంచీ బండి తీయకుండా వచ్చేయొచ్చు. నిమ్స్ దగ్గర, సోమాజిగూడ ఆసుపత్రులు దగ్గర. అద్దాలు ఉండవు, లిఫ్టు అప్పుడప్పుడూ ఆగుతుంది. ఫరవాలేదు.

కొత్త కంపెనీలకు చోటూ సాయమూ ఇచ్చే టీ-హబ్‌కి అప్లై చెయ్యి. 2015లో ట్రిపుల్ ఐటీ ఆవరణలో మొదలై, 2022లో రాయదుర్గంలో పెద్ద భవనంలోకి మారింది. అక్కడ దొరికే పరిచయాలు పనికొస్తాయి. ప్రభుత్వం ఏఐ సిటీ కడతాం, 200 ఎకరాలు అంటోంది, కట్టాక చూద్దాం. ప్రకటన చూసి అడ్వాన్స్ ఇవ్వకు. పెట్టుబడి విషయంలో మాత్రం మీ రెండో పార్ట్‌నర్ మాట నిజమే, బెంగళూరుదే పైచేయి. డబ్బు అడగడానికి నెలకోసారి విమానమెక్కు. దానికోసం కాపురం అక్కడ పెట్టనక్కర్లేదు.

ఇంకొకటి. పెద్ద కంపెనీలోంచి మనిషిని తీసుకుంటే నోటీసు పీరియడ్ మూడు నెలలుంటుంది. మార్చికి కావాలంటే డిసెంబరులోనే అడగాలి. దసరా అమ్మాయితో నేను మాట్లాడి ఉంచాను. ఆదివారం వస్తానంది, నువ్వూ రా.

మాదాపూర్‌లో ఏదో ఫ్లోరు బావుందని అగ్రిమెంటు తీసుకున్నానని రాశావు చూడు, దాని మీద సంతకం పెట్టకు. ముందు లాక్-ఇన్ ఉన్న పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపు. కళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్నాను.

మీ మామయ్య