సివిల్ చదువుతూ ట్రాఫిక్ ఏఐ వైపు వెళ్ళొచ్చా?

ప్రశ్న: సార్, మాది విజయనగరం. బీటెక్ సివిల్ సెకండియర్. కంప్యూటర్స్ సీటు రాలేదు. స్మార్ట్ సిటీల్లో ట్రాఫిక్ ఎంతుంటుందో ఏఐ ముందే చెప్పేస్తుందని సెమినార్‌లో విన్నాను, అందులోకి వెళ్ళాలనుంది. నాన్న ఆటో నడుపుతారు. హైదరాబాద్‌లో 60 వేల కోర్సు ఉందంట, అప్పు చేసి చేరమంటారా?

జవాబు: వద్దమ్మా, అప్పు మాట ముందు పక్కన పెట్టు. సివిల్‌లో ఉన్నానని బాధపడుతున్నావు గానీ ఈ పనికి అదే మంచిదని నా నమ్మకం, కోడింగ్ వచ్చినవాళ్ళు బోలెడుమంది, రోడ్డు తెలిసినవాళ్ళే తక్కువ.

ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బళ్ళు ఆగిపోయాయంటే కాసేపట్లో మయూరి జంక్షన్ కూడా నిండిపోతుందని తెలిసి మీ నాన్నగారు వేరే సందులోంచి తిప్పేస్తారు కదా, ఏఐ మోడల్, అంటే పాత డేటా చూసి నేర్చుకునే ప్రోగ్రామ్, చేసేదీ అదే. ఇందాకటి రద్దీ చూసి రాబోయే అరగంట చెప్పడానికి ఎల్ఎస్‌టీఎం (వరసగా వచ్చే అంకెల్లో ముందువి గుర్తుపెట్టుకునే మోడల్) లాంటివి, ఒక జంక్షన్ జామ్ ఎటు పాకుతుందో పట్టుకోడానికి గ్రాఫ్ న్యూరల్ నెట్‌వర్క్‌లు (ఏ రోడ్డు దేనితో కలుస్తుందో కూడా చూసే మోడళ్ళు). గూగుల్ మ్యాప్స్‌లో చేరే టైమ్ సరిగ్గా చెప్పడానికి గూగుల్ వాళ్ళ ఏఐ సంస్థ డీప్‌మైండ్ వాడినవి ఈ రెండో రకమే, 2020లో వాళ్ళే చెప్పారు.

ప్రాక్టీస్‌కి డేటా ఫ్రీగా దొరుకుతుంది. లాస్ ఏంజెలెస్ హైవేల మీద 207 సెన్సార్లు 2012లో 4 నెలలు, 5 నిమిషాలకోసారి రికార్డు చేసిన స్పీడులు, ఆ డేటాని మెట్ర్ ఎల్ఏ అంటారు. కానీ అక్కడ బళ్ళు లేన్‌లో వెళ్తాయి, మన మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర ఆటో, బైకు, బస్సు, ఆవు అన్నీ ఒకేచోట, లేన్ ఎక్కడిది? అందుకే అన్ని బళ్ళనీ కార్ల లెక్కలోకి మార్చే పీసీయూ అని మీ ట్రాన్స్‌పోర్టేషన్ సబ్జెక్టులో వస్తుంది చూడు, దాన్ని బట్టీ పట్టి వదిలెయ్యకు. ఇంకోటి, మామూలు మంగళవారాలు చూసి నేర్చుకున్న మోడల్‌కి దసరా తర్వాత మంగళవారం పైడితల్లి అమ్మవారి జాతరలో సిరిమాను తిరుగుతుందని ఎలా తెలుస్తుంది? పండగలు కూడా డేటాలో ఒక కాలమ్‌గా పెట్టాలి, అది ఊరు తెలిసినవాళ్ళకే తడుతుంది.

పైథాన్ అనే కోడింగ్ భాషని ఎన్‌పీటెల్‌లో (ఐఐటీల వాళ్ళ ఆన్‌లైన్ పాఠాలు) ఫ్రీగా చూడు. తర్వాత ఇద్దరు ఫ్రెండ్స్‌తో ఒక జంక్షన్‌లో రోజూ 8 నుంచి 10 దాకా, 15 నిమిషాలకోసారి ఏ రకం బళ్ళు ఎన్నో నెల రోజులు లెక్కపెట్టండి. పోయిన వారం ఇదే టైమ్‌కి ఎన్నున్నాయో అదే ఈ వారం అంచనాగా వేసి చూడు, ఆ తర్వాతే పెద్ద మోడల్. పెద్ద మోడల్ ఆ మామూలు అంచనాని గెలవకపోతే అదీ రిపోర్టులో రాసెయ్, దాచొద్దు, నెల డేటాతో అలా అవ్వడం మామూలే.

ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను, ట్రాఫిక్ ఏఐ అనే పేరుతో పోస్టులు తక్కువ, విజయనగరంలో ఆశ పెట్టుకోకు. ట్రాన్స్‌పోర్ట్ ప్లానింగ్ కన్సల్టెన్సీల్లోంచి, సిగ్నల్ సిస్టమ్స్ చేసే కంపెనీల్లోంచి లోపలికి వెళ్ళాలి. పక్కనే విశాఖ ఉంది, 2016లో వచ్చిన మొదటి 20 స్మార్ట్ సిటీల లిస్టులోదే. ఎంటెక్ కావాలంటే గేట్ రాసి వరంగల్ ఎన్ఐటీలో ట్రాన్స్‌పోర్టేషన్ ట్రై చెయ్. 2024 నుంచి డేటా సైన్స్, ఏఐకి వేరే గేట్ పేపర్ కూడా ఉంది, సివిల్ వాళ్ళూ రాయొచ్చు.

జంక్షన్ ఏదో నాన్నగారినే అడుగు. మొదలుపెట్టే ముందు ట్రాఫిక్ పోలీసులకి ఒక మాట చెప్పండి, రోడ్డుకి దూరంగా నీడలో నిలబడండి.