ఫ్లాట్ కొనేముందు మెయింటెనెన్స్ గురించి ఏమేం అడగాలి?

హైదరాబాద్‌లో 1,500 అడుగుల ఫ్లాట్‌కి అడుగుకు 4 రూపాయలంటే నెలకు 6,000. ఈ లెక్క సాధారణంగా కార్పెట్ ఏరియా (ఫ్లాట్ లోపల వాడుకునే స్థలం) మీద కాదు, సూపర్ బిల్టప్ (గోడలు, మెట్లు, కారిడార్లలో వాటా కూడా కలిపిన విస్తీర్ణం) మీద వేస్తారు. నెలకు 7,500 దాటి, అసోసియేషన్ ఏడాది వసూళ్లు 20 లక్షలు మించితే మొత్తం మీద 18 శాతం జీఎస్టీ అదనం.

రేటు తక్కువని మురిసిపోకండి. కార్పస్ ఫండ్, అంటే పెద్ద ఖర్చుల కోసం ఓనర్ల దగ్గర ముందే వసూలు చేసిన నిధి, అసోసియేషన్ ఖాతాలోకి వచ్చిందా, ఇంకా బిల్డర్ దగ్గరే ఉందా? రాకపోతే లిఫ్టు మార్చే రోజున ఇంటింటికీ చందాలే. ఏప్రిల్, మే నెలల ట్యాంకర్ బిల్లులు చూపించమనండి. బోర్ల సంగతి అక్కడే తేలుతుంది. సెల్లార్ గోడల అడుగున తెల్లటి ఉప్పు పొర కనిపిస్తే చెమ్మ ఎక్కుతున్నట్టే. అద్దెకివ్వడం, కుక్కల పెంపకం గురించి బైలాస్‌లో (అసోసియేషన్ నియమావళిలో) ఏముందో చదవండి. రీసేల్ అయితే పాత ఓనరు బకాయిలు లేవని అసోసియేషన్ ఎన్‌ఓసీ ఇచ్చాకే రిజిస్ట్రేషన్‌కి వెళ్లండి.