ఇన్‌ఛార్జ్ సిస్టర్ అయిన మా చెల్లి కూతురికి

తల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి నిన్ను డయాలసిస్ యూనిట్‌కి ఇన్‌ఛార్జ్‌ని చేశారని చెప్పింది. చాలా సంతోషం వేసింది. ఆ వెంటనే కాస్త బెంగ కూడా పట్టుకుంది, ఎందుకంటే నీకింకా ముప్పై నిండలేదు, నీ కింద పదకొండు మంది అమ్మాయిలట, వచ్చేవాళ్లంతా ఉద్దానం కిడ్నీ పేషెంట్లు. ఇవన్నీ ఫోన్‌లో తేలే మాటలు కావు, అందుకే కూర్చుని రాస్తున్నాను. ముప్పై నాలుగేళ్లు శ్రీకాకుళంలో వార్డుల్లో తిరిగినదాన్ని, నీకు పనికొచ్చేవి తీసుకో.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను, అది తెలిస్తే మిగతాది నీకే అర్థమవుతుంది.

నేను ఇన్‌ఛార్జ్ అయిన కొత్తలో, ఏ ఆసుపత్రి అన్నది వదిలెయ్, ఒకమ్మాయి మందు టైము మర్చిపోయిందని వార్డు మధ్యలో, పేషెంట్ల ఇంటివాళ్లు చూస్తుండగా కేకలేశాను. అలా ఉంటేనే మాట వింటారని అప్పట్లో నా నమ్మకం. ఆ తర్వాత రెండు నెలలు నా దాకా ఒక్క తప్పు కూడా రాలేదు, వార్డు దారిలో పడిందని మురిసిపోయాను. ఒకరోజు తెల్లవారుజామున నాలుగింటికి రౌండుకి వెళ్తే, గుండె జబ్బున్న పెద్దాయన మంచం మీద లేచి కూర్చుని, గాలి అందక రెండు చేతులతో మంచం అంచు పట్టుకుని ఉన్నాడు. ఎనిమిది గంటల పాటు మెల్లగా ఎక్కాల్సిన సెలైన్ సీసా ఖాళీగా వేలాడుతోంది. చార్టు తీసి చూస్తే సీసా పెట్టిన టైము రాత్రి 2 గంటలు అని ఉన్నదాన్ని కొట్టేసి 10 అని రాసి ఉంది, అంటే రెండు గంటల్లోనే సీసా అంతా ఎక్కిపోయింది, ఆ సిరా ఇంకా ఆరలేదు, నా వేలికి అంటుకుంది. డాక్టరుగారిని లేపాం, ఆక్సిజన్ పెట్టాం, ఒంట్లో నీరు దించే లాసిక్స్ మందు ఇచ్చాం, తెల్లారేసరికి ఆయన తేరుకున్నాడు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న అమ్మాయిని పక్కకి పిలిచి ఎందుకు దిద్దావు, సీసా ఖాళీ అయిందని చూడగానే నన్నెందుకు లేపలేదు అని అడిగితే, “మీరు అరుస్తారని భయమేసింది సిస్టర్” అంది.

ఆ రెండు నెలలూ నా వార్డులో తప్పులు జరగక కాదు, అవి నా దాకా రాలేదంతే.

ఇది నా ఒక్కదాని కథ కాదని రిటైరయ్యాక చదివితే తెలిసింది. అమెరికాలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే ఆవిడ ఆసుపత్రుల్లో నర్సుల జట్లు మందుల విషయంలో చేసే పొరపాట్ల మీద పరిశోధన చేసింది. మంచి జట్లలో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుని మొదలుపెడితే లెక్క తిరగబడింది, బాగా కలిసి పనిచేసే జట్లలోనే ఎక్కువ పొరపాట్లు కనిపించాయి. కారణం వెతికితే, వాళ్లు ఎక్కువ తప్పులు చేయడం కాదు, చేసినవి దాచకుండా చెప్పుకుంటున్నారు. అది 1996లో అచ్చయింది, ఆ తర్వాత 1999లో ఆవిడ రాసిన వ్యాసంతో ‘సైకలాజికల్ సేఫ్టీ’ అనే మాట అందరి నోటా పడింది. పైవాళ్ల దగ్గర నోరు విప్పితే మన పరువు పోదు అన్న ధైర్యమే అది.

ఆ ధైర్యం మీటింగు పెట్టి చెబితే వచ్చేది కాదమ్మా. మొదటిసారి ఎవరో ఒకమ్మాయి వచ్చి “అక్కా, మిషన్‌తో ఒంట్లో నీరు ఎక్కువ లాగేశాను, బీపీ పడిపోయింది” అని చెప్పినప్పుడు, ఆ క్షణంలో నీ మొహం ఎలా ఉంది అన్నది మిగతా పదిమందీ చూస్తారు. ముందు “పేషెంట్ ఎలా ఉన్నాడు?” అని అడుగు, తర్వాత ఇద్దరూ కలిసి చేయాల్సింది చేయండి, అంతా సర్దుకున్నాక “వెంటనే చెప్పావు, మంచి పని చేశావు” అను. ఎందుకు జరిగిందో మర్నాడు మాట్లాడొచ్చు. నీ వల్ల ఏదైనా పొరపాటు జరిగితే షిఫ్టు మారేటప్పుడు పని అప్పగించే హ్యాండోవర్‌లో నువ్వే ముందు చెప్పు, నాకు అది అలవాటు కావడానికి చాలా ఏళ్లు పట్టింది. మెతకగా ఉండమని కాదు నా ఉద్దేశం. గ్లౌజులు మార్చకుండా ఒక మిషన్ నుంచి ఇంకో మిషన్‌కి వెళ్లే వాళ్లుంటే, హెపటైటిస్ అంటుకునే చోట అది ప్రాణాల మీదికి వచ్చే సంగతి, గట్టిగానే అడుగు. కానీ గదిలోకి పిలిచి అడుగు.

ఇక రోస్టర్, అదే డ్యూటీల పట్టిక. పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకే టెన్షన్ ఎక్కువ, గుండెపోట్లు వాళ్లకే వస్తాయని అనుకుంటాం కదా. లండన్‌లో ప్రభుత్వ ఉద్యోగుల్ని 1967 నుంచి ఏళ్ల తరబడి గమనించారు, మైకేల్ మార్మట్ అనే డాక్టరుగారు ఆ లెక్కలు తీసి చూస్తే గుండె జబ్బుతో చనిపోవడం పై అధికారుల కంటే అట్టడుగు ఉద్యోగుల్లోనే చాలా ఎక్కువ. పొగతాగడం లాంటివి పక్కన పెట్టి చూసినా ఆ తేడా పూర్తిగా పోలేదు. 1985లో మొదలైన రెండో అధ్యయనంలో తేలిన ఒక కారణం, తమ పని మీద తమకు పట్టు లేకపోవడం. మన దగ్గర నర్సు చేతిలో ఏముంటుంది చెప్పు? డాక్టరు చెప్పింది చేయాలి, మిషన్ చెప్పినట్టు నిలబడాలి. కనీసం రోస్టరైనా వాళ్లని అడిగి వెయ్. నెల ముందే గోడకి అంటించు, ఇద్దరూ ఒప్పుకుంటే మార్చుకోనివ్వు. సోంపేట నుంచి వచ్చే అమ్మాయికి ఆఖరి బస్సు ఎన్నింటికో నీకు తెలిసి ఉండాలి, ఎవరి ఊళ్లో అమ్మవారి సంబరం ఎప్పుడో కూడా. షిఫ్టులు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి ఈ వరసలో ముందుకి తిరిగితే ఒళ్లు తొందరగా అలవాటు పడుతుంది, వెనక్కి తిప్పకు. నైట్ చేసి ఇంటికి వెళ్లిన పిల్లని అదే మధ్యాహ్నం పిలవకు, ఎంత ఇబ్బంది వచ్చినా సరే.

నాకు అన్నిటికంటే బెంగ దేనిమీదంటే, మీ యూనిట్‌లో కుర్చీలు ఖాళీ అవుతాయి. జనరల్ వార్డులో పేషెంట్ వారం ఉండి వెళ్లిపోతాడు, మీ దగ్గర అదే మనిషి వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు, ఏళ్ల తరబడి వస్తాడు. కవిటి నుంచి వచ్చే తాత మీకోసం పనసపండు మోసుకొస్తాడు, కూతురి పెళ్లి శుభలేఖ మీకే ముందు ఇస్తాడు. ఒక మంగళవారం రాడు. ఆ కుర్చీలోకి గంటలో ఇంకొకరు వచ్చేస్తారు, మన అమ్మాయి అదే చేత్తో ఇంకో చేతికి సూది పెట్టాలి. 1960 ప్రాంతంలో ఇసబెల్ మెన్జీస్ అనే ఆవిడ లండన్ ఆసుపత్రిలో నర్సుల్ని చూసి రాసింది, బాధ తగలకుండా ఉండడానికి వాళ్లు పేషెంట్లని పేరుతో కాకుండా బెడ్ నంబరుతోనో జబ్బు పేరుతోనో పిలుస్తున్నారని, అయినా ఆ బాధ తగ్గకపోగా లోపల్లోపలే పెరిగిందని. మేమూ అంతే, “ఏడో బెడ్ పోయాడు” అనేవాళ్లం. నువ్వు అలా చేయకు. ఎవరైనా పోతే ఆ రోజు టీ టైములో అందరూ ఒక్కచోట కూర్చుని ఆయన పేరు పెట్టి రెండు మాటలు అనుకోండి, ఏడుపొస్తే ఏడవనివ్వు. ఆయనకి ఎప్పుడూ సూది పెట్టిన అమ్మాయికి ఆ రోజుకి వేరే మిషన్ ఇవ్వు.

నీ సంగతి కూడా చెబుతాను. పొద్దున లేవగానే ఒళ్లు బరువు, పేషెంట్లంటే విసుగు, ఎంత చేసినా ఏమీ చేయట్లేదన్న భావం, ఈ మూడూ కలిసి నెలల తరబడి ఉంటే దాన్ని బర్నవుట్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దాన్ని జబ్బుగా కాదు, పని వల్ల పుట్టే స్థితిగా రాసింది. కాబట్టి అది నీ మనసు బలహీనత కాదు, ఒక పూట యోగా క్లాసుతో తీరేదీ కాదు. ఏ రోజు ఎన్ని మిషన్లు తిరిగాయి, ఎంతమంది సిస్టర్లున్నారు, ఎవరు అన్నం తినకుండా షిఫ్టు చేశారు, ఇవన్నీ ఒక పుస్తకంలో రాస్తూ ఉండు. మూడు నెలల లెక్క చేతిలో పెట్టుకుని మేనేజ్‌మెంట్ దగ్గరికి వెళ్లు, “చాలా కష్టంగా ఉంది సార్” అంటే వినరు, లెక్క చూపిస్తే తప్పించుకోలేరు. పదిమంది గానీ అంతకంటే ఎక్కువమంది గానీ పనిచేసే ఏ చోటైనా లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉండాలని 2013 చట్టం, మీ దగ్గర అందులో ఎవరున్నారో కనుక్కుని అమ్మాయిలందరికీ చెప్పు. 14416 నంబరు కూడా గోడ మీద రాసిపెట్టు, మనసు బాగోలేనప్పుడు మాట్లాడడానికి ప్రభుత్వం పెట్టిన టెలిమానస్ వాళ్లది, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. ఎప్పుడైనా అవసరం అనిపిస్తే నువ్వూ చెయ్.

సంక్రాంతికి నువ్వు వస్తావా అని మీ అమ్మ అడుగుతోంది. ముందు ఆ పదకొండు మందినీ అడుగు, ఎవరికి ఇంట్లో కొత్త అల్లుడు వస్తున్నాడో, ఎవరు రెండేళ్లుగా పండక్కి వెళ్లలేదో. వాళ్ల సెలవులు రాసేశాక నీకేమైనా మిగిలితే ఫోన్ చెయ్. లేకపోతే కనుమ వెళ్లాక రా, అరిసెలు దాచి ఉంచుతాను.

మీ పెద్దమ్మ